ముద్ర పడాలి

డమాస్కస్‌లో మా ఎంబసీ కింది అంతస్తు
పూర్వం కార్లు నిలిపే చోటు.
ఇప్పుడు అక్కడ తొంభై రెండు పరుపులు,
రెండు స్నానాల గదులు,
ఒక రైస్ కుక్కర్.
అది పాడైన రోజు
ఫిరంగులు మోగిన రోజుకంటే ఎక్కువ ఏడ్చారు ఆడపిల్లలు.

నా పని జాబితా.
పేరు, పాస్‌పోర్టు సంఖ్య, యజమాని, ఫోను.
మనీలా నుంచి వచ్చిన ఆదేశం ఒక్క వాక్యం:
అందరినీ వెనక్కి తీసుకురండి.
అందులో 'అందరినీ' అన్న మాట
ఖాసియూన్ కొండ కింద ఎన్ని వంటిళ్లలో
బయటినుంచి గొళ్లెం పడి ఉందో
రాసినవాడికి తెలియదు.

ఈ దేశం దాటాలంటే ముద్ర పడాలి.
ముద్ర పడాలంటే యజమాని సంతకం కావాలి.
"ఏజెంటుకి మూడు వేల డాలర్లు పోశాను,
నువ్విస్తావా?" అంటాడు యజమాని.
పైన విమానం తెల్లటి గీత గీస్తుంటే
కింద నేను ఫోనులో బేరమాడతాను.
రెండు వేలు. పద్దెనిమిది వందలు.
సరే, పదిహేడున్నర.
ఇలోయిలో సంతలో ఎండుచేపల గంప ముందు
మా అమ్మ కూడా ఇంత గీసిగీసి అడగలేదు.

ఒక గురువారం జెనలిన్ వచ్చింది,
చెప్పుల్లేకుండా,
మూడో అంతస్తు బాల్కనీ నుంచి
దుప్పట్లు ముడేసుకుని దిగి.
పాస్‌పోర్టు నకలులో ఇరవై ఏడేళ్లు.
మొహం చూసి మళ్లీ అడిగాను.
"అది ఏజెన్సీవాళ్లు వేసిన వయసు సార్.
నాకు పందొమ్మిది."
జాబితాలో ఇరవై ఏడే రాశాను.
నిజం రాస్తే సరిహద్దు దగ్గర ఆపేస్తారు.

పద్నాలుగు నెలల జీతం బాకీ.
యజమాని అబూ లువై ఫోను ఎత్తడు.
ఆదివారం, సోమవారం, మంగళవారం.
బుధవారం రాత్రి ఎత్తాడు.
వెనక సముద్రం హోరు, పసివాడి దగ్గు,
ఎవరో మైకులో అంకెలు పిలుస్తున్నారు.
"గ్రీసు దీవిలో ఉన్నాం," అన్నాడు.
"నిన్న పొద్దుటి నుంచీ వరసలో నిల్చున్నాను.
నా కాగితం మీద ముద్ర పడాలట."

నాకు నవ్వొచ్చింది.
రాకూడదు. వచ్చింది.

పీత కష్టాలు పీతవి, ఒప్పుకుంటాను.
"కానీ పిల్లని లోపల పెట్టి తాళం ఎందుకేశారు?"
చాలాసేపు సముద్రమే మాట్లాడింది.
"ఇంటికి కాపలా ఉంటుందని," అన్నాడు.

సంతకం పెడతాడట.
జీతం బాకీ ఏమీ లేదని ఆమె రాసిస్తే.
డబ్బంతా పడవవాడికి పోశాం అన్నాడు.
అబద్ధంలా అనిపించలేదు, అదే నా బాధ.

కాగితం ఆమె ముందు పెట్టాను.
ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించిందీ నేనే.
"పక్కన చిన్నగా పద్నాలుగు అని వేసుకోనా సార్?"
వద్దన్నాను.
సంతకం చేసి, అదే పెన్నుతో
అరచేతిలో వేసుకుంది.

గంట దారి, ఏడు గంటలు పట్టింది.
ప్రతి తనిఖీ దగ్గరా దిగి తలలు లెక్కపెట్టాను.
ముప్పై ఒకటి.
సరిహద్దు గదిలో ముద్ర పడ్డ చప్పుడు
ఎంత చిన్నదంటే
పక్కవాడు తుమ్మితే వినపడదు.
ఆమె అరచెయ్యి విప్పి చూసుకుంది.
చెమటకి నీలం మరక మిగిలింది.

మనీలాలో పూలదండలు వేశారు.
టీవీలో ముప్పై ఒక్క నవ్వులు.
నా నివేదికలో కూడా ముప్పై ఒకటే.
పద్నాలుగు రాయడానికి
ఆ ఫారంలో గడి లేదు.

వానలు ఆగాక మెసేజ్ పెట్టింది.
ఏజెన్సీ మళ్లీ పిలిచిందట.
ఈసారి వయసు ముప్పై వేస్తామన్నారట.
ఏదో దేశం పేరు చెప్పింది,
మా గోడమీది పటంలో
దాని పొరుగు దేశానికి ఎర్రపిన్ను గుచ్చి ఉంది.
అక్కడ గొడవలున్నాయా అని అడగలేదు.
అక్కడ నెలనెలా ఇస్తారా సార్, అని అడిగింది.

జవాబు సగం టైపు చేశాను.
కుక్కర్ మళ్లీ పాడైందని
కిందినుంచి ఎవరో పిలుస్తున్నారు.